ఈ-రీడర్‌లో తెలుగు పుస్తకం: ఒత్తులు విడిపోకుండా చదువుకోవడం ఎలా?

నాన్నగారికి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయ్యాక, పుస్తకాల్లో చిన్న అక్షరాలు ఆనడం లేదంటే ఈ-రీడర్ (తెర మీద పుస్తకాలు చదువుకునే పరికరం) ఒకటి కొనిచ్చాం. పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు. ఏమైందని అడిగితే "దీనికి తెలుగు రాదురా" అన్నారు. చూస్తే నిజమే. తెర మీద 'స్త్రీ' అన్న మాట మూడు ముక్కలై పక్కపక్కన నిలబడి ఉంది. ఒత్తులన్నీ విడిపోయి పొల్లులయ్యాయి. అలాంటి పేజీని యాభై ఏళ్లుగా తెలుగు చదువుతున్న మనిషి ఎందుకు చదువుతాడు?

ఆ తర్వాత రెండు నెలలు కుస్తీ పడి నేర్చుకున్నవి ఇవి. ఇప్పటికే పరికరం కొని డ్రాయరులో పడేసినవాళ్లకీ, కొందామా వద్దా అని ఊగుతున్నవాళ్లకీ పనికొస్తాయి. ఒక మాట ముందే చెబుతాను. అందరూ పరికరంతో మొదలుపెడతారు. మీరు పుస్తకంతో మొదలుపెట్టండి.

ముందు మీ పుస్తకాలు ఏ రకమో చూడండి

మీరు నిజంగా చదవాలనుకుంటున్న పది పుస్తకాల ఫైళ్లు కంప్యూటర్‌లో తెరవండి. ఒక్కోదాంట్లో మౌస్‌తో ఒక మాటను ఎంచుకుని కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. మూడింట్లో ఒకటి జరుగుతుంది.

తెలుగు అక్షరాలే వచ్చాయనుకోండి, గుణింతాలు ఒకటీ అరా చెదిరినా సరే, అది యూనికోడ్ పుస్తకం, అంటే లోపల ఉన్నవి నిజంగా తెలుగు అక్షరాలే. అదృష్టవంతులు. అక్షరాల సైజు, ఫాంటు, వరుసల మధ్య ఎడం అన్నీ మీ ఇష్టం.

డాలరు గుర్తులు, కొమ్ములున్న లాటిన్ అక్షరాలు కలిసి ఏదో గందరగోళం వచ్చిందంటే అది అనూ లాంటి పాత డీటీపీ (కంప్యూటర్ అచ్చుకూర్పు) ఫాంట్లతో కట్టిన పీడీఎఫ్. మన ప్రచురణకర్తలు చాలాకాలం పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో ఇలాగే పుస్తకాలు కూర్చారు. కంటికి శుభ్రంగా కనిపిస్తుంది, కానీ లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు. దీన్ని ఈపబ్‌గా, అంటే అక్షరాల సైజు మార్చుకోగల ఈ-పుస్తకం ఫైలుగా మార్చాలని చూస్తే ఆ గందరగోళమే పుస్తకమంతా పరుచుకుంటుంది. ఒక రోజంతా ఈ పనిలో పోగొట్టుకున్నాను. మీరు ఆ ప్రయత్నం చేయకండి. దాన్ని బొమ్మల పుస్తకంగానే లెక్కేసుకోండి.

మౌస్‌కి ఏమీ దొరకలేదంటే అది స్కాన్. పాత తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇవే. చిత్తూరు ప్రాంతంలోని కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పనిచేస్తూ 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డిగారి చొరవతో పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలన్న ప్రాజెక్టు మొదలైంది. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. ఆ సైటు మూతపడినా, అందులోని తెలుగు స్కాన్లు చాలామటుకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికే ఉన్నాయి. కొన్ని పేజీలు వంకరగా, కొన్నిచోట్ల స్కాన్ చేసినవారి బొటనవేలితో సహా.

మీ జాబితాలో మొదటి రకం ఎక్కువుంటే ఆరేడు అంగుళాల మామూలు రీడర్ చాలు. రెండూ మూడూ రకాలే ఎక్కువైతే కొనే ముందు కింది లెక్క చూడండి.

తెర ఎంత పెద్దది కావాలి?

మన నవలలు ఎక్కువగా డెమీ సైజు, అంటే దాదాపు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. మూల నుంచి మూలకి కొలిస్తే పదంగుళాలు. పది పాయింట్ మూడు అంగుళాల రీడర్లు దీనికి దాదాపు సరిపోతాయి. పేజీ దాదాపు ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఖరీదెక్కువ, బరువెక్కువ. పడుకుని గుండె మీద పెట్టుకుని చదివేవాళ్లకి పనికిరావు.

ఏడంగుళాల తెర అంటే సుమారు నాలుగుంబావు వెడల్పు, ఐదున్నర ఎత్తు. పేజీ చుట్టూ ఉన్న ఖాళీ అంచులు కత్తిరిస్తే అచ్చు భాగం నాలుగుంబావు వెడల్పు, ఏడు ఎత్తు ఉంటుంది. నిలువుగా పట్టుకుంటే అక్షరం ఐదో వంతు చిన్నదవుతుంది. కళ్లు బాగున్నవాళ్లు ఎలాగో చదవగలరు. అదే అడ్డంగా తిప్పి పట్టుకుంటే వెడల్పు ఐదున్నర దొరుకుతుంది, అక్షరం అచ్చుపుస్తకం కంటే మూడో వంతు పెద్దదవుతుంది! ఒక్కో పేజీ రెండు మూడు తెరలుగా వస్తుంది, అంతే. ఈ చిన్న కిటుకు తెలియక చాలామంది పెద్ద పరికరం కోసం రెట్టింపు డబ్బు పోస్తున్నారు.

అమెజాన్ వారి ఈ-రీడర్ కిండిల్‌లో 2024 పేపర్‌వైట్ మోడల్ సైజు ఇదే. 2025 ఏప్రిల్‌లో మన దగ్గర 16,999 రూపాయలకు వచ్చింది. ఆ డబ్బు పెట్టే ముందు, ఇంట్లో మూల పడి ఉన్న ఎనిమిది లేక పది అంగుళాల టాబ్లెట్ ఉందేమో చూడండి. అందులో రీడ్ఎరా లాంటి ఉచిత యాప్ వేసి నెల రోజులు చదవండి. చదివే అలవాటు నిలిస్తే అప్పుడు ఈ-ఇంక్ గురించి ఆలోచించవచ్చు.

ఈ-ఇంక్ తేడా ఏమిటంటే, తెరలో సన్నని గుళికల్లో నల్లని, తెల్లని రేణువులుంటాయి. విద్యుత్ తగిలినప్పుడు నల్లవి పైకో, తెల్లవి పైకో వస్తాయి. ఒకసారి వచ్చాక కరెంటు లేకపోయినా అక్కడే ఉంటాయి. అందుకే తెరకి ఛార్జింగ్ ఎక్కువగా పేజీ తిప్పినప్పుడే ఖర్చవుతుంది. మీద పడ్డ వెలుగులోనే కనిపిస్తుంది కాబట్టి ఎండలో కూర్చుని చదివినా కాగితంలాగే ఉంటుంది. వీడియోలు, వాట్సాప్ రావు. నా దృష్టిలో అది లోపం కాదు.

కొనే ముందు ఒక పరీక్ష

ఒక చిన్న ఫైలు తయారు చేసుకోండి. అందులో ఈ మాటలు రాయండి: స్వాతంత్ర్యం, శాస్త్రజ్ఞుడు, రాష్ట్రపతి, వాఙ్మయం, ఉచ్ఛ్వాసం, సాఫ్ట్‌వేర్. దాన్ని ఈపబ్‌గా చేసి (ఎలాగో కింద చెబుతాను), దుకాణంలోనో స్నేహితుల దగ్గరో ఉన్న రీడర్‌లో తెరిచి చూడండి.

స్వాతంత్ర్యంలో రావత్తు, యావత్తు రెండూ తకారాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. 'సాఫ్ట్‌వేర్'లో ఫకారం కింద ట ఒత్తుతో సహా పొల్లుగా నిలబడాలి, వే విడిగా రావాలి. అక్కడ కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. కొన్ని పరికరాలు దాన్ని మింగేసి వకారాన్ని ఒత్తుగా కిందికి తోసేస్తాయి, మరికొన్ని అక్కడ ఒక డబ్బా గీస్తాయి. ఈ ఆరు మాటలూ సరిగ్గా వస్తే ఇక మీరు భయపడాల్సింది లేదు.

దుకాణంలో ఉన్నతను "తెలుగు సపోర్ట్ ఉంది సార్" అంటాడు. మెనూ తెలుగులో ఉండటం వేరు, పుస్తకం తెలుగులో సరిగ్గా కనబడటం వేరు. ఇంకో విషయం. అమెజాన్ 2016 చివర్లో భారతీయ భాషల కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తీసుకుంది. తెలుగు లేదు. కాబట్టి పరికరం కొంటే అందులోని కొట్టులో తెలుగు పుస్తకాలు బారులు తీరి ఉంటాయని అనుకోకండి. మన పుస్తకాలు మనమే చేర్చుకోవాలి.

యూనికోడ్ పుస్తకాన్ని సిద్ధం చేయడం

ఇందుకు కావలసింది క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. భారతీయుడైన కోవిద్ గోయల్ 2006లో తన సొంత అవసరానికి మొదలుపెట్టింది ఇది. ఇప్పటికీ క్రమం తప్పకుండా కొత్త వెర్షన్లు వస్తుంటాయి.

ముందు ఒక మంచి తెలుగు ఫాంటు దింపుకోండి. నోటో సెరిఫ్ తెలుగు, మండలి, రెండూ ఉచితం, రెండూ పుస్తకానికి పనికొస్తాయి. పత్రిక శీర్షికల్లో వాడే మెలికల ఫాంట్లు జోలికి పోకండి, పదో పేజీకి కళ్లు నొప్పెడతాయి. ఫాంటును కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి, క్యాలిబర్‌ని మూసి మళ్లీ తెరవండి.

పుస్తకాన్ని చేర్చి 'కన్వర్ట్' నొక్కండి. బయటికి వచ్చే ఫార్మాట్ ఈపబ్ అని ఉంచండి. 'లుక్ అండ్ ఫీల్'లోకి వెళ్తే 'ఎంబెడ్ ఫాంట్ ఫ్యామిలీ' అని ఉంటుంది. అక్కడ మీ తెలుగు ఫాంటు ఎంచుకోండి. అప్పుడు ఆ ఫాంటు పుస్తకంలోనే కూర్చుంటుంది, పరికరంలో ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. దాని దగ్గరే 'సబ్‌సెట్' అని ఇంకో గడి ఉంటుంది. ఫైలు చిన్నదవుతుందని ఆశపడి దాన్ని టిక్ చేయకండి. వాడని అక్షరాలను తీసేసే క్రమంలో ఒత్తుల బొమ్మలు పోతే పని మొదటికొస్తుంది.

అక్కడే 'మినిమమ్ లైన్ హైట్' (ఒక్కో వరుసకి ఇచ్చే కనీస ఎత్తు) 120 శాతం అని ఉంటుంది. ఇంగ్లిష్‌కి అది చాలు. తెలుగులో కింద ఒత్తులు వేలాడతాయి, పైన గుడులు, తలకట్లు ఉంటాయి. ఒక వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకితే చదివేవాడికి ఏమిటో తెలియని చికాకు కలుగుతుంది, ఎందుకో చెప్పలేడు. 150 చేయండి.

ఇక వరుసలను రెండు వైపులా సమానంగా సర్దే 'జస్టిఫై' ఆపేసి, ఎడమ వైపుకే సర్దండి. తెలుగు మాటలు పొడుగు. అక్షరం పెద్దది చేసినప్పుడు ఒక్కో వరుసకి మూడు మాటలే పడతాయి, వాటి మధ్య ఎడ్లబండి పోయేంత సందు వస్తుంది.

పరికరంలోనూ ఫాంటు పెట్టుకోవచ్చు. కిండిల్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపితే అందులో 'ఫాంట్స్' అనే ఫోల్డర్ కనిపిస్తుంది, మీ ఫాంటు ఫైలు అందులో వేయండి. కోబో అనే మరో కంపెనీ రీడర్‌లో ఆ పేరుతో ఫోల్డర్ మీరే చేసుకోవాలి. ఇవన్నీ చేసినా ఒత్తులు విడిపోతూనే ఉంటే లోపం ఫాంటుది కాదు, చదివించే ప్రోగ్రామ్‌ది. అప్పుడు కోరీడర్ అనే ఉచిత ప్రోగ్రామ్ చూడండి. ఇది కోబో, పాకెట్‌బుక్, ఆండ్రాయిడ్ పరికరాల్లో నడుస్తుంది, భారతీయ లిపులను కూర్చడంలో దిట్ట. నాన్నగారి గొడవ తీరింది చివరికి దీనితోనే.

స్కాన్‌తో ఎలా వేగాలి

ముందు అంచులు కత్తిరించండి. బ్రిస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఎడమ పేజీలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, కుడి పేజీలను విడిగా పేర్చి చూపిస్తుంది. అచ్చు ఉన్నంత మేర పెట్టె గీసి వదిలితే, మూడు వందల పేజీలు ఒక్క దెబ్బతో కత్తిరించేస్తుంది. పెట్టెను అడుగున కొంచెం ఎక్కువగానే గీయండి, చివరి వరుస ఒత్తులు తెగకుండా. తర్వాత రీడర్‌లో అడ్డంగా తిప్పి, కాంట్రాస్ట్ పెంచి చదవండి. పసుపు తిరిగిన పాత కాగితం స్కాన్‌కి కాంట్రాస్ట్ పెంచితే ప్రాణం లేచొస్తుంది.

స్కాన్ పేజీలోని మాటలను బొమ్మలుగా కోసి, మళ్లీ వరుసలుగా పేర్చే సదుపాయం ఒకటుంది. కోరీడర్‌లో 'రీఫ్లో' అంటారు. ఇంగ్లిష్ పుస్తకాలకి బాగా పనిచేస్తుంది. తెలుగులో మాత్రం వరుస ఎక్కడ ముగిసిందో దానికి అర్థంకాక, వేలాడే ఒత్తులను అప్పుడప్పుడు తలలేని మొండేల్లా పక్కకి విసిరేస్తుంది. ఐదు పేజీలు చూసి నచ్చితేనే వాడండి.

స్కాన్‌ని అక్షరాలుగా మార్చాలంటే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే చాలు, తెలుగు గుర్తుపడుతుంది. పుస్తకం మొత్తం ఒకేసారి ఇవ్వకండి, పది పది పేజీలుగా ఇవ్వండి. టెస్సరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ కూడా తెలుగు చదువుతుంది. కానీ ప, వ తారుమారవుతాయి. మ, య కూడా. థ, ధ సంగతి చెప్పనే అక్కర్లేదు. అరసున్నలు గాల్లో కలిసిపోతాయి. ఒక కథకైతే కూర్చుని దిద్దుకోవచ్చు. నవలకి మాత్రం ఓపికున్న మనిషి కావాలి.

ఆ ఓపిక ఉన్నవాళ్లు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైటులో ఉన్నారు. అక్కడ స్కాన్ పేజీ పక్కనే పెట్టుకుని అక్షరం అక్షరం దిద్దుతారు. పేజీ సంఖ్య ఆకుపచ్చగా ఉంటే ఇద్దరు చూసి సరే అన్నారని, పసుపు అయితే ఒకరు దిద్దారని, ఎరుపు అయితే ఇంకా దిద్దలేదని అర్థం. ఆకుపచ్చ, పసుపు ఎక్కువున్న పుస్తకం చూసుకుని అక్కడే ఈపబ్ దింపుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ తెలుగు పుస్తకాల పక్కన ఈపబ్ అని ఉంటుంది. అది యంత్రం తనంతట తాను చేసింది, తప్పుల తడక. అక్కడ పీడీఎఫ్ మాత్రమే తీసుకోండి. తిరుమల తిరుపతి దేవస్థానం కూడా తన ప్రచురణలను ఈ-బుక్స్ సైటులో ఉచితంగా ఉంచింది.

మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి జనవరి నుంచి అరవై ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో, చిలకమర్తి 1946లో పోయారు, వారి రచనలు ఎవరైనా తీసుకోవచ్చు. చలం 1979లో పోయారు, అంటే 2039 ముగిసేదాకా హక్కులున్నాయి. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు దింపే ముందు ఈ కూడిక ఒకసారి చేసుకోండి. ఇప్పుడు రాస్తున్నవాళ్ల పుస్తకాలు కొనండి. తెలుగులో రాసి తినేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు.

పంపించడం

కిండిల్‌కి ఒక ఈమెయిల్ చిరునామా ఉంటుంది. ఫైలు దానికి పంపితే పరికరంలో ప్రత్యక్షమవుతుంది. ముందు అమెజాన్ ఖాతాలోకి వెళ్లి, ఏ ఈమెయిల్ నుంచి వచ్చినవి తీసుకోవాలో ఆ జాబితాలో మీది చేర్చాలి, లేకపోతే రాదు. ఇందులో ఒక మంచి సంగతి ఉంది. డాలస్‌లో ఉన్న కొడుకు ఈమెయిల్ కూడా ఆ జాబితాలో పెడితే, అతను అక్కడి నుంచి పంపిన పుస్తకం తెనాలిలో అమ్మ రీడర్‌లో తెల్లారేసరికి ఉంటుంది. ఈమెయిల్‌లో 50 ఎంబీ దాకా, సెండ్ టు కిండిల్ వెబ్ పేజీలో 200 ఎంబీ దాకా పోతుంది. అంతకంటే పెద్ద స్కాన్లకి కేబులే గతి. 2024 మోడళ్లను మ్యాక్‌కి కలిపితే నేరుగా కనిపించవు, దానికి వేరే యాప్ వేసుకోవాలి. పంపినది తెరిచాక ఫాంట్ల జాబితాలో 'పబ్లిషర్ ఫాంట్' ఎంచుకుంటే మీరు పొదిగిన తెలుగు ఫాంటు కనిపిస్తుంది.

పెద్దవాళ్ల చేతికి ఇచ్చే ముందు

అన్నీ మీరే సర్ది ఇవ్వండి. అక్షరం మీకు నచ్చిన సైజు కాదు, వాళ్లు కూర్చునే కుర్చీలో, వాళ్ల కళ్లజోడుతో, వాళ్లు చాలు అన్న సైజు. ఐదు పుస్తకాలే పెట్టండి. ఉత్సాహం కొద్దీ ఐదు వందలు నింపితే, ఏది ఎక్కడుందో వెతకలేక మూసేస్తారు. నేను చేసిన రెండో తప్పు ఇదే. పాస్‌వర్డ్ తీసేయండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే ఛార్జింగ్ వారాలు వస్తుంది, మధ్యలో అప్‌డేట్ అంటూ తెర మారిపోదు.

పేజీ తిప్పడం దగ్గరే అసలు ఇబ్బంది. వేలు తడి చేసుకుని తిప్పడం అలవాటైన చేతికి తెర మీద తట్టడం కొత్త. గట్టిగా నొక్కితే మాట ఎంపికైపోయి ఏదో పెట్టె తెరుచుకుంటుంది, కంగారు పడతారు. "గాజు మీద ఈగ వాలినట్టు తాకండి" అని చెబితే నాన్నగారికి వెంటనే అర్థమైంది. చెయ్యి వణికేవాళ్లకైతే పక్కన బొత్తాలున్న మోడలే తీసుకోండి. ఏదో పాడు చేశానన్న భయం పోగొట్టడానికి, వెనక్కి ఎలా రావాలో ఒక్కటి మాత్రం నాలుగుసార్లు చేయించండి. మిగతావి వాళ్లే కనుక్కుంటారు.

ఎండ, బరువు, ప్రయాణం

కిండిల్ లాంటివి 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని తయారీదారులే చెబుతారు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో ఆ మాట అంటే జనం నవ్వుతారు. కాబట్టి కనీసం కారు డాష్‌బోర్డు మీద, కిటికీ గట్టు మీద వదిలేయకండి. లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు, అందులోనూ నిండా ఛార్జింగ్‌తో వేడిలో ఉండటం. కొన్ని నెలలు వాడకపోతే సగం ఛార్జింగ్‌లో దాచండి. వెనక భాగం ఉబ్బినట్టు అనిపిస్తే ఇక ఛార్జింగ్ పెట్టకండి.

తెర గాజు పొర మీద కట్టింది. పైన గీత కూడా పడకుండా లోపల విరగగలదు. సంచిలో టిఫిన్ డబ్బా ఒత్తుకున్నా చాలు, సగం తెర పాత పేజీతో అలాగే గడ్డకట్టిపోతుంది. తెర మార్చే ఖర్చుకి ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది. గట్టి అట్ట ఉన్న కవరు మొదటి రోజే కొనండి. మంచం మీద వదిలేయకండి. మనవలు కూర్చుంటారు.

విమానంలో వెళ్లేటప్పుడు రీడర్ చేతి సంచిలో పెట్టుకోవడం మంచిది, పవర్ బ్యాంక్ అయితే చేతి సంచిలోనే ఉండాలి. చెక్-ఇన్ సామానులో పవర్ బ్యాంక్ పెట్టనివ్వరు. దాని సామర్థ్యం 100 వాట్-అవర్ల దాకా ఉంటే మామూలుగా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు.

కొత్తది కొని పాతది బంధువుల పిల్లలకి ఇస్తుంటే, ముందు సెట్టింగ్స్‌లో మీ ఖాతా నుంచి డీరిజిస్టర్ చేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. లేకపోతే వాళ్లు నొక్కిన పుస్తకాల బిల్లు మీ కార్డు మీద పడుతుంది. మీరు చేర్చుకున్న తెలుగు ఫైళ్లు రీసెట్‌తో పోతాయి, వాటిని క్యాలిబర్‌లో ఉంచుకున్నారో లేదో చూసుకున్నాకే ఆ బొత్తం నొక్కండి.